కారుకి బరువు కట్టారు

పేరులో పైడి ఉంది గాని, ఆ ఉదయం పైడిరాజు జేబులో పైసా లేదు. అందుకే పళ్లు తోముకుంటూనే కారు అమ్మేయాలని తీర్మానించాడు. ముంచింగిపుట్టులో బట్టల కొట్టువాడికి కారెందుకని భార్య అన్నపూర్ణ కొన్ననాడే అడిగింది. విన్లేదు. కారున్నవారంతా యజమానులు కారు. అసలు యజమాని ఫైనాన్స్ కంపెనీ. వాయిదా వేయడానికి వీల్లేనిదానికి వాయిదా అని ఎవడు పేరు పెట్టాడో గాని, అవి వరసగా తప్పాయి. రేపు కట్టకపోతే బజారు నడిమధ్య, నలుగురూ చూస్తుండగా కారు పట్టుకుపోతారు.

"నా కారుని లాక్కెళ్లే మగాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు.

"పుట్టాడు, ఫోను కూడా సేసాడు. బేగి అమ్మీయండి. బస్సులున్నాయి, లేదంటే కాళ్లున్నాయి," అంది అన్నపూర్ణ.

కొండమీద కాఫీ తోటలున్న బుధు కొంటానన్నాడు. మిగిలిన అప్పు తనే కంపెనీకి కట్టి, వాళ్లిచ్చే కాగితం తీసుకుని, పై సొమ్ము పైడిరాజుకిస్తాడు. షరతు ఒక్కటే. ఎద్దుని కొనేముందు బరువు కట్టి చూసినట్టే కారునీ చూడాలి.

ఎంతైనా కట్టుకోమన్నాడు పైడిరాజు రోషంగా. ఆరోజు సంత. కొండమీది తన ఊరికని బుధు బియ్యం బస్తాలు, ఉప్పు బస్తా ఎక్కించాడు. అతని భార్య రత్న ఎక్కింది. సామాను ఎక్కడం చూసి, ఇది సంత జీపే అనుకుని ఆ ఊరివాళ్లు మరికొందరు ఇరుక్కున్నారు. ఒకామె గేరు పక్కన కోడిపుంజుని పెట్టి, డబ్బులు దిగేటప్పుడు ఇస్తానంది. దిగమంటే బరువుకి భయపడ్డాడంటారని పైడిరాజు అలాగే కారు తీశాడు.

ఘాట్‌లో సగం దూరం కారు మనుషుల్ని మోసింది, మిగతా సగం మనుషులు కారుని తోశారు. బుధు కొనేశాడనుకుని ఊరంతా దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. పుంజు కూరైంది. బుధు కడుపు నిండా తిని, రేపు పొద్దున్నే కంపెనీకి పోదామన్నాడు. పైడిరాజు పరువు దక్కినట్టే.

అప్పుడు రత్న కారు చుట్టూ తిరిగి చూసింది.

"ఎద్దయితే పేడన్నా ఏత్తాది. ఇదేటేత్తాది సావుకారూ? సంతకి జీపుంది కదా. ఇది కోళ్లగూడుకి పనికొత్తాది, అంతే."

బుధు ఆమెను ఊరుకోమని, తను కొంటున్నానని మళ్లీ చెప్పాడు. కానీ ఆలస్యమైపోయింది. ఏడాదిగా ఆ కారుని పైడిరాజు తిట్టని తిట్టు లేదు. పరాయివాళ్లు ఒక్క మాటంటే మాత్రం ఒళ్లు మండిపోయింది.

"నా కారు కోళ్లగూడా? అమ్మను. కంపెనీకీ ఇవ్వను, మీకూ ఇవ్వను," అని తలుపు ధడాలున వేసుకుని తాళం తిప్పాడు. కారు దగ్గింది గాని కదల్లేదు.

చీకటి పడకముందే జీపు వెనకాల వేలాడుతూ కొండ దిగాడు.

మర్నాడు కంపెనీ మనుషులు బజారంతా వెతికి, చివరికి కొట్టుకొచ్చి కారెక్కడని అడిగారు. పైడిరాజు ఛాతీ విరుచుకుని కొండవైపు చెయ్యి చూపించాడు.

"ఎల్లండి. దమ్ముంటే తోసుకు రండి."

సాయంత్రానికి వాళ్లూ జీపులోనే దిగారు.