బీదతనం బాగా రాయడం ఎలా?

కాలేజీ స్కాలర్‌షిప్పు కోసం రాయించే వ్యాసమంత మేలు చేసేది ఈ కోయంబత్తూరులో మరొకటి లేదు. కొందరు దాన్ని తిడుతున్నారు. పాపం, వాళ్ళకు రాయడం రాదు!

నిరుడు మా మిల్లు ట్రస్టువారు మిల్లు కుటుంబాల ఆడపిల్లల్లో ఒకరిని కాలేజీలో చదివిస్తామన్నారు. ఒక్కరినే. మార్కుల సంగతి తర్వాతట. ముందు ‘నా కష్టాలు’ అని వ్యాసం రాయాలి. అది నిజమో కాదో ట్రస్టు తరఫున ఒక సారు ఇంటికే వచ్చి చూస్తారు.

ఎంత గొప్ప ఏర్పాటు! మిల్లు పనికని ఇక్కడికి రాకముందు, పళని దగ్గర పల్లె బడిలో చదివినన్నాళ్ళూ నాకు కష్టాలున్నాయని నాకే తెలియదు. వ్యాసానికి కూర్చున్నాక ఇల్లంతా కలయజూస్తే ప్రతి మూలా ఒక పేరాకు పనికొచ్చింది.

ఈ ఏడు రాయబోయే చెల్లెళ్ళారా, వినండి. కప్పు కారాలి. కారకపోతే ఒక పెంకు పక్కకు జరపండి. దీపం మినుకుమినుకుమనాలి. ఇంట్లో కరెంటు ఉంటే దాని ఊసెత్తకండి. నాన్న దగ్గాలి. పత్తి దుమ్ములో పనిచేసే నాన్నలు ఎలాగూ దగ్గుతారు కాబట్టి, ఇది మనకు కలిసొచ్చే విషయం. తాతల నాడు మనకు తోటలుండేవని మాత్రం రాయకండి. మనవాళ్ళలో ఆ ఒక్క మాట రాయకుండా ఆగగలిగిన పిల్లకు, ఆ నిగ్రహానికే సీటు ఇవ్వొచ్చు!

నేను ఆగాను. ఇంట్లో కుర్చీ లేదనీ, అందరం ఒకే చిరుగు చాప మీద పడుకుంటామనీ రాశాను. అంతా నిజమే. ఇంకేం కావాలి?

కానీ సారు వస్తున్నారని మా అమ్మ రాజమ్మాళ్‌కు తెలిసిపోయింది.

మన ఇళ్ళకు కొత్తవాళ్ళు వస్తే ఏం జరుగుతుందో మీకు తెలియనిదా? వీధిలోని మంచి వస్తువులన్నీ ఆ పూటకు ఆ ఇంటికి చేరతాయి. పనికి పిలిచే మిల్లు సైరను, అదే మా సంగు, మోగకముందే అమ్మ కుర్చీ కోసం ఎదురింటి సౌందరం పిన్నమ్మ గడపలో నిలబడింది. పిన్నమ్మ భర్త మిల్లులో మేస్త్రీ. వాళ్ళమ్మాయి పంకజవల్లి కూడా వ్యాసం రాసింది.

“సౌందరం, మీ చేరు, ఇత్తడి లోటా ఒక పూటకి ఇస్తావా? ఎవరో సారు వస్తాడంట.”

“ఎత్తుకోని పో అక్కా. మాకూ ఇయాల అవి అడ్డమే. మీ చినిగిన చాప, ఆ ఓటికుండ నాకియ్యి.”

“అదెందుకే నీకు?”

“ఆ సారు మా ఇంటికీ వస్తాడు గదా.”

అమ్మ సంతోషంగా ఇచ్చేసింది. వాటిని ఎక్కడ దాచాలా అని అప్పటిదాకా ఒకటే దిగులు పడుతోంది మరి.

నేను వాకిట్లో అడ్డం నిలబడ్డాను. “అమ్మా, చేరు లేదని రాసినా.”

“రాస్తే రాసినావు. వచ్చినాయన్ని నేలమీద కూసోబెడితే మానం పోతాది అమ్మణీ. పోయి తల దువ్వుకో.”

కందసామి సారు వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. ఇత్తడి లోటాలో చిక్కటి కాఫీ తాగారు.

“ఇంట్లో కష్టమా అమ్మా?” అని అడిగారు.

“మాకేం కొదవ సార్,” అంది అమ్మ. “మా తాత నాడు ఏటి పక్కన తోటలుండె.”

సారు ఏదో రాసుకుని వీధి దాటారు. పిన్నమ్మ ఇంట్లో మా చాపను చూసి పేజీ నిండా రాసుకున్నారట.

పంకజవల్లికి సీటు వచ్చింది. ట్రస్టువారి న్యాయాన్ని శంకించకండి. వాళ్ళు చూసిన బీదతనం అచ్చమైనదే. రోజూ దాని మీద పడుకునేదాన్ని, నాకు తెలియదా? మేము గొప్ప అరువు తెచ్చుకున్నాం, వాళ్ళు లేమి అరువు తీసుకున్నారు. ఏది పంటనిస్తుందో తెలియకపోవడం మా తప్పు.

చాప మర్నాడే తిరిగొచ్చింది. కాస్త ఎక్కువే చిరిగింది. పిన్నమ్మ పని శ్రద్ధగా చేస్తుంది.

ఈ ఏడు కూడా వ్యాసాలు అడిగారు. చాప కోసం అప్పుడే ఇద్దరు తల్లులు వచ్చి చెప్పి వెళ్ళారు. అమ్మ ఎవరినీ కాదనదు. మీకూ కావాలంటే రండి. మార్కుల కాగితం తేనక్కరలేదు. నాది పెట్టె అడుగున అలాగే ఉంది, ఇంతవరకు ఎవరూ అడగలేదు. కాకపోతే సంగు మోగకముందే రండి. ఆ తర్వాత నేను ఇంట్లో ఉండను, మిల్లులో నూలు చుడుతుంటాను.