విజిటర్ వీసా మీద మహాసేవ

సేవకు సరిహద్దులు లేవనీ, ఆ సంగతి నిరూపించడానికి మన మంత్రిగారు స్వయంగా సరిహద్దు దాటుతున్నారనీ మూడు పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటన వచ్చింది. పరాయి దేశపు వృద్ధాశ్రమంలో ఆరు రోజులపాటు స్వహస్తాలతో సేవ చేసిన తొలి మంత్రిగా ఆయన చరిత్రకెక్కుతారని కూడా అందులోనే ఉంది. చరిత్రకు ముందుగా కబురు పెట్టుకోవడం మంచి పద్ధతి.

ఆ ఆశ్రమం ఉన్న ఊళ్ళోనే నేను పదేళ్ళుగా ఉంటున్నాను. రెండు భాషలూ వచ్చు కనుక మంత్రిగారికి దుబాసీగా నన్ను పెట్టారు. ఆశ్రమం ఆచూకీ చెప్పింది కూడా నేనే. అది మా అత్తగారు రోజూ వెళ్ళే చోటు.

ఆవిడ మా ఆవిడ పురిటికని వచ్చారు. ఇంకా మూడు వారాలు టైముంది. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, వీధి చివరి ఆశ్రమానికి వెళ్ళి, చేతులు వణికే ఒక పెద్దాయనకు సూపు తాగించి, నాలుగు దుప్పట్లు మడతపెట్టి వచ్చేవారు. ఆయన భాష ఈవిడకు రాదు, ఈవిడ భాష ఆయనకు రాదు. అయినా ఈవిడ చెంచా పడితేనే ఆయన నోరు తెరిచేవాడు. ఆవిడదీ విజిటర్ వీసాయే, మంత్రిగారిదీ విజిటర్ వీసాయే. చట్టం ముందు అందరూ సమానులే కదా.

మొదటిరోజు మంత్రిగారు తెల్లటి ఏప్రన్ కట్టుకుని పెద్దాయన ముందు కూర్చుని చెంచా ఎత్తారు. ఎడమవైపు నుంచి ఫొటోలు, కుడివైపు నుంచి ఫొటోలు, కిటికీ వెలుగులో ఇంకోసారి. ఇరవై నిమిషాలు చెంచా గాలిలోనే ఉంది. అంత నిబ్బరంగా చెయ్యి నిలపడం సామాన్యులకు సాధ్యం కాదు. సూపు చల్లారాక మంత్రిగారు విశ్రాంతికి వెళ్ళారు. మా అత్తగారు దాన్ని మళ్ళీ వేడిచేసి తెచ్చారు. ఆరు రోజులూ ఇదే కార్యక్రమం.

మంత్రిగారు చెంచా పట్టుకున్నంతసేపూ పీఏ ఒక మూల లాప్‌టాప్ పట్టుకుని సేవా నివేదిక రాసేవాడు. నాలుగు వందల పన్నెండు మందికి భోజనం తినిపించుట, రెండు వందల మందికి స్నానం చేయించుట. ఆశ్రమంలో ఉన్నదే ముప్పై ఎనిమిది మంది కదండీ అన్నాను.

"మాకెప్పుడూ నాలుగొందల పైనే వస్తుందండీ" అన్నాడు పీఏ.

ఆ నివేదికను ఇక్కడి భాషలోకి తర్జుమా చేసింది నేనే. దాన్ని వెబ్‌సైట్లో పెట్టారు. ఇక్కడివాళ్ళకు రిపోర్టులు చదివే జబ్బుందని నేను ముందే చెప్పాల్సింది.

ఆరోరోజు మధ్యాహ్నం ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ఆ నివేదిక చేతబట్టుకుని ఆశ్రమానికి వచ్చాడు. జీతమిచ్చి చేయించుకోవాల్సిన పనిని విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఉచితంగా చేసినా తప్పేనట. తప్పు తేలితే మర్నాటి విమానం ఎక్కించి, ఐదేళ్ళు మళ్ళీ వీసా ఇవ్వరట. ఈ పనులన్నీ మీరే చేశారా అని మంత్రిగారిని అడిగాడు.

మంత్రిగారు నావైపు తిరిగారు. "కాస్త అర్థమయ్యేలా చెప్పవయ్యా ఆయనకి. మన దగ్గర రిపోర్టు వేరు, పని వేరు" అన్నారు నాతో.

చెప్పాను. ఆఫీసరు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. సాక్ష్యం అడిగాడు. పీఏ రెండు గంటల వీడియో అప్పగించాడు. ఆఫీసరు అందులో చాలాభాగం అక్కడే కూర్చుని చూశాడు. చెంచా ఒక్కసారి కూడా ఎవరి నోటిదాకా వెళ్ళలేదని తేలింది. మరి ఈ పెద్దాయనకు రోజూ తినిపిస్తున్నదెవరని అడిగాడు.

"ఆవిడే" అన్నారు మంత్రిగారు, మా అత్తగారివైపు వేలు చూపించి.

చేసిన పని తాలూకు పేరు ఇంకొకరికి ఇవ్వడం అయ్యగారి జీవితంలో ఇదే మొదటిసారని పీఏ తర్వాత గర్వంగా చెప్పాడు. ఆ ఒక్కమాట తర్జుమా చేయడానికి నాకు నోరు రాలేదు. వేలు చూస్తే ఆఫీసరుకు అర్థమైపోయింది.

అత్తగారి చేతిలో సగం గిన్నె సూపు ఉంది. "ఏమంటున్నాడు బాబూ?" అని అడిగారు.

"మీరు వెళ్ళిపోవాలట అత్తయ్యా. రేపే."

"మరి పిల్ల పురుడో?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా మొహం చూసి, "సరే, ఇది అయ్యేదాకా ఆగమను" అని మళ్ళీ చెంచా అందుకున్నారు. ఆఫీసరు ఆగాడు. పెద్దాయన మాత్రం తొందరేం లేనట్టు తాగాడు.

మంత్రిగారూ మా అత్తగారూ ఒకే విమానంలో వెళ్ళారు. అవతల విమానాశ్రయంలో జరిగిన స్వాగతసభను నేనూ మా ఆవిడా ఫోన్లో లైవ్ చూశాం. విదేశీ ప్రభుత్వం మంత్రిగారికి స్వయంగా రాసి ఇచ్చిన పత్రాన్ని ఇప్పుడు వినిపిస్తామని పీఏ మైకులో ప్రకటించి, ఆ భాషలోనే కూడబలుక్కుంటూ చదివాడు. అక్కడ ఆ భాష వచ్చినవాళ్ళెవరూ లేరు. నాకొచ్చు కనుక పాఠకుల కోసం తర్జుమా చేస్తున్నాను: "ఈ వ్యక్తి మా దేశంలో గడిపిన ఆరు రోజుల్లో ఎవరికీ ఏ పనీ చేయలేదనీ, చేయడానికి ప్రయత్నించిన ఆనవాళ్ళు కూడా లేవనీ క్షుణ్ణంగా విచారించి ధ్రువీకరిస్తున్నాము."

హాలు దద్దరిల్లింది. ఫోన్లో ఒక పక్కగా మా అత్తగారు కనిపించారు. బయటికి దారి దొరకక అక్కడే చిక్కుకుపోయినట్టున్నారు. పక్కనున్న కార్యకర్త ఒకడు ఆవిడ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ సూట్‌కేసు కింద పెట్టి, తనూ చప్పట్లు కొట్టారు.