రెండు ఔన్సుల తేడా

ఈరీ పట్టణంలోని మేకుల ఫ్యాక్టరీకి తూనికల ఇన్‌స్పెక్టర్ హచిన్స్ పది గంటలకు వస్తానన్నాడు. కాటాల బాధ్యత చూసే స్టాన్ వోయ్‌చిక్ ఆరింటికే వచ్చేశాడు. ప్యాకింగ్ దగ్గరున్న పాత కాటా ముప్పై ఏళ్లుగా రెండు ఔన్సులు ఎక్కువ చూపిస్తోంది. ప్యాకింగ్ వాళ్లు అయిదు పౌండ్ల పెట్టెను ముల్లు మరో రెండు ఔన్సులు దాటేదాకా నింపుతారు, లెక్క సరిపోతుంది. ఇవాళ పరీక్షలో తప్పిందంటే మాత్రం ఆ కాటా పాత ఇనుములోకే. స్టాన్‌కు అదంటే ప్రాణం. మర తిప్పి రెండు ఔన్సులు తగ్గించి, ఎవరికీ చెప్పకుండా కాఫీకి వెళ్లాడు.

కొత్త ఇంజినీరు లోరీన్‌కూ, అతనికీ ఈ విషయంలో నిన్ననే గొడవైంది.

"అది నమ్మకమైన కాటా, అమ్మాయ్. వెయ్యిసార్లు పెట్టు, అదే అంకె చెబుతుంది."

"వెయ్యిసార్లూ అబద్ధమేగా! మా లెక్కలో నమ్మకమంటే ఏళ్ల తరబడి పాడవకుండా పనిచేయడం."

"ముప్పై ఏళ్లు పనిచేసింది మరి!"

లోరీన్‌కు ముసలాయన మీద జాలేసింది. అందుకే ఇవాళ అతను కాఫీ తాగుతున్న సమయంలో, అతను ముందే తిప్పాడని తెలియక, తనూ వచ్చి రెండు ఔన్సులు తగ్గించింది.

హచిన్స్ అయిదు పౌండ్ల రాయి మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ రెండు ఔన్సులు తక్కువ.

"చూశారా, మూడుసార్లూ ఒకటే!" అన్నాడు స్టాన్, అలవాటు కొద్దీ.

"నా దగ్గర నమ్మకమంటే నిజం చెప్పడమండీ. పావుగంట టైమిస్తా. కుదరలేదా, వాడకూడదని ఎర్రచీటీ అంటించేస్తా." హచిన్స్ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు.

చెయ్యి ఎక్కువ పడిందనుకుని స్టాన్ మరను వెనక్కి తిప్పి, ముఖం కడుక్కోవడానికి పరుగెత్తాడు. తన వల్లే ఇలా అయిందని లోరీన్ కూడా వచ్చి వెనక్కి తిప్పింది.

"ఇందాక రెండు తక్కువ, ఇప్పుడు రెండు ఎక్కువ. ఇది కాటానా, ఉయ్యాలా?" అన్నాడు హచిన్స్, తిరిగొచ్చి మళ్లీ రాయి పెట్టి చూసి.

"నేనే తిప్పాను," అన్నారిద్దరూ ఒకేసారి.

"నువ్వెందుకు తిప్పావు?" అన్నాడు స్టాన్ లోరీన్ వైపు తిరిగి.

"మీ కాటా పోతుందేమోనని."

హచిన్స్ పగలబడి నవ్వి, స్క్రూడ్రైవర్ అడిగి తనే సరిచేశాడు, ముద్ర వేశాడు.

ఆ సంబరంలో ప్యాకింగ్ వాళ్లకు విషయం చెప్పాలని ఎవరికీ తట్టలేదు. వారమంతా కాటా నిజమే చెప్పింది, ప్యాకింగ్ వాళ్లు అలవాటు ప్రకారమే నింపారు. పెట్టెకు రెండు ఔన్సుల మేకులు ఎక్కువగా వెళ్లాయి గానీ, కొన్నవాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.