యాభై ప్రొఫైల్ టైరు, ఎల్లారెడ్డి రోడ్డు

అన్నం, నీళ్లు, నీడ తర్వాత మనిషికి అత్యవసరమైనది లో ప్రొఫైల్ టైరు!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. మారుతి ఎయిట్ హండ్రెడ్‌కి లో ప్రొఫైల్ టైర్లు వేసుకుని, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఉన్న నలభై చిల్లర కిలోమీటర్ల మీద ఏడు నెలలు తిరిగిన ఏకైక మానవుడిని నేను. కాదనడానికి మీ దగ్గర ఏ అనుభవం ఉంది?

ముందు నా అర్హతలు మనవి చేస్తాను. హైదరాబాద్‌లో చదివాను. హాస్టల్లో నాలుగేళ్లు ఇంజనీరింగు పుస్తకాలు పక్కనపెట్టి, ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఇంగ్లీషు కార్ల మ్యాగజైన్లు చదివాను. కొన్నిటికి అట్టలు కూడా వేసుకున్నాను! తిరిగి ఎల్లారెడ్డి వచ్చేసరికి ఇంటి ముందు తెల్ల మారుతి ఉంది. నాన్నకి మందుల దుకాణం. కామారెడ్డి నుంచి సెలైన్ సీసాలు, దగ్గు మందులు తెచ్చుకోవడానికి ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నా కంటికి మాత్రం అది పెర్ఫార్మెన్స్ కారు! అదే వారం వెనక అద్దం మీద 'టర్బో' అని స్టిక్కర్ అంటించాను. ఆ సంగతి ఇంజనుకి ఎవరూ చెప్పలేదు.

ఇక శాస్త్రం. దయచేసి కారు ఆగి ఉన్నప్పుడు టైరు పక్కన కూర్చుని చూడండి. 145/70 ఆర్ 12 అని కనిపిస్తుంది. మా వీధిలో చాలామంది అది తయారైన తేదీ అనుకుంటున్నారు. కాదు! 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివర ఉన్న 12 అంటే లోపలి రిమ్ము ఎన్ని అంగుళాలో చెప్పే లెక్క. ఆర్ అంటే రేడియల్. మధ్యలో ఉన్న 70, అదీ అసలు సంగతి! వెడల్పులో నూటికి డెబ్భై వంతులు టైరు గోడ ఎత్తు. దాన్నే ప్రొఫైల్ అంటారు. ఆ అంకె తగ్గేకొద్దీ గోడ తగ్గుతుంది, గోడ తగ్గేకొద్దీ స్టీరింగు చురుకవుతుంది, స్టీరింగు చురుకయ్యేకొద్దీ డ్రైవరు గొప్పవాడవుతాడు. చివరి మాట మ్యాగజైన్లో లేదు, నేనే గ్రహించాను.

నేను తెప్పించినవి 175/50 ఆర్ 13. అంటే టైరు వెడల్పు పెరిగింది, రిమ్ము పెరిగింది, గోడ పద్నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది. చక్రం మొత్తం ఎత్తు చూస్తే పాతదానికీ దీనికీ తేడా మూడు మిల్లీమీటర్లే! స్పీడోమీటరు కూడా అబద్ధం ఆడదు. నా స్పీడుకి అబద్ధం ఆడి ఉంటేనే బాగుండేదేమో.

ఇదంతా మా నానమ్మ దేవవ్వకి, ఆవిడ రొట్టెలు కొడుతుండగా, పిండి ముద్ద చేతిలో పట్టుకుని వివరించాను. అంతా విని, "గంత సన్నగ కొడితే పెంక మీదనే ఇరుగుతది బిడ్డా" అంది. పాతకాలం మనిషి, టెక్నాలజీ తెలియదని సరిపెట్టుకున్నాను.

ఎల్లారెడ్డి బస్టాండ్ పక్కన టైర్ల పని చేసే సలీమ్ భాయ్‌కి టెక్నాలజీ తెలుసు కదా అని ఆయన దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా లారీలు, ట్రాక్టర్లు, టైర్ల బండ్లు చూస్తున్న మనిషి. ఏ టైరైనా జేనతో కొలుస్తాడు, బొటనవేలితో నొక్కుతాడు, అంతే, దాని జాతకం చెప్పేస్తాడు. నా కొత్త టైరు పక్కన జేన పెట్టాడు. సగం జేనకే టైరు అయిపోయింది. మళ్లీ పెట్టాడు.

"తమ్మీ, మిగిలింది యాడున్నది?" అన్నాడు.

మిగిలింది లేదని, ఇదే పూర్తి టైరని, పద్నాలుగు మిల్లీమీటర్లు తగ్గించినందుకే దీనికి ఇంత పేరని పది నిమిషాలు లెక్చరిచ్చాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. తర్వాత బీడీ ఆర్పి, "గా పద్నాలుగు మన రోడ్డు కోసమే పెట్టిన్రు గదా" అని, అయినా నేను చెప్పినట్టే బిగించి ఇచ్చాడు.

అప్పటినుంచి పాఠకులారా, నా జీవితం ధన్యమైంది!

మీకు మీ ఊరి రోడ్డు తెలుసా? తెలియదు. నాకు తెలుసు. ఎల్లారెడ్డి దాటగానే మొదటి గుంత, దానికి ఎడమన తమ్ముడి గుంత, కల్వర్టు దగ్గర మూడు గుంతల ఉమ్మడి కుటుంబం. దారిలో వచ్చే లింగంపేట దాకా నూటా పదకొండు లెక్కపెట్టాను. మామూలు టైరు మీద పోయేవాళ్లకి ఈ జ్ఞానం ఎక్కడిది? వాళ్లు గుంత మీంచి పోతారు. నేను ప్రతి గుంత ముందు ఆగి, నమస్కరించి, పక్కనుంచి పోతాను.

మనుషులతో అనుబంధం సంగతి చెప్పనా? గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల స్పీడులో పోతుంటే సైకిల్ మీద వచ్చే పెద్దమనిషితో మాట్లాడుతూ పోవచ్చు. అలా ఒకాయన తన భూమి తగాదా మొత్తం చెప్పాడు, పై కోర్టుకి పోయినదాకా! చివర్లో ఆయనకి తొందర పని గుర్తొచ్చి నన్ను దాటి వెళ్లిపోయాడు.

ఆరోగ్యం? నాన్న దుకాణంలో నడుం నొప్పి ఆయింట్‌మెంట్ నాకొక్కడికే వారానికి రెండు ట్యూబులు. నడుం అనేది ఒకటి ఉందని ఇరవై రెండేళ్ల వయసులో ఎంతమందికి తెలుస్తుంది?

ఇన్ని మేళ్లు చేసే టైరు గొప్పతనం ఊరికి చాటాలని నాకు ఉబలాటంగా ఉండేది. ఆ అవకాశం జనవరిలో వచ్చింది.

ఘనీ అని, ఏడో తరగతి దాకా నాతో చదివిన పక్కింటి అబ్బాయి. తండ్రి లేడు, తల్లి రహీమా బట్టలు కుడుతుంది. రెండేళ్లు తిరిగితే దుబాయి వీసా వచ్చింది. హెల్పర్ పని అన్నాడు ఏజెంటు, దేనికి హెల్పరో చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి కామారెడ్డిలో బొంబాయి బస్సు ఎక్కాలి, పొద్దునకల్లా ఏజెంటు చేతిలోంచి పాస్‌పోర్టు తీసుకుని మధ్యాహ్నం విమానం ఎక్కాలి. విమానం ఎక్కే రోజుతోనే వీసా గడువు ఆఖరు. బస్సు తప్పితే అన్నీ తప్పినట్టే.

తల్లీకొడుకులు పన్నెండింటి ఆర్టీసీ బస్సుకి సంచులు సర్దుకుని కూర్చున్నారు. నేనే అడ్డం పడ్డాను. గల్ఫ్ పోయేవాడు నిలబడి పోవడమేంటి, ఒంటిగంటకి నా కార్లో బయల్దేరదాం, దర్జాగా దిగుదువు అన్నాను. రహీమా అనుమానంగా చక్రాల వైపు చూసింది. ఘనీ మొహమాటస్థుడు, సరే అన్నాడు. పన్నెండింటి బస్సు మా ముందు నుంచే వెళ్లిపోయింది.

లింగంపేట చేరేసరికి రెండు దాటింది. ఘనీ గడియారం చూడటం మొదలుపెట్టాడు. గుంత గుంతకీ చూస్తాడు. రహీమా వెనక సీట్లో పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకుని పెదాలు కదుపుతోంది.

అప్పుడు ఎదురుగా రోడ్డు మీద కంది కట్టె కనిపించింది!

సిటీ పాఠకులకి ఒక మాట. మా దగ్గర కందులు, ఉలవలు రాలగొట్టడానికి కట్టె తెచ్చి తార్రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బస్సులు, లారీలు తొక్కుతాయి, గింజ రాలుతుంది, ఖర్చు లేదు. అయితే ఎక్కడపడితే అక్కడ పరవరు. గుంతలున్న చోట గింజ దాంట్లో పడి మన్నులో కలిసిపోతుంది. కాబట్టి పంట పరిచారంటే కింద రోడ్డు చదునుగా ఉన్నట్టే లెక్క. ఈ లెక్క మా పిల్లలందరికీ తెలుసు. ఏ మ్యాగజైన్లోనూ ఉండదు.

రెండొందల గజాలు! ఏడు నెలల్లో మొదటిసారి టాప్ గేరు వేశాను. అరవై దాటింది. స్టీరింగు చురుగ్గా ఉంది, డ్రైవరు గొప్పవాడయ్యాడు, ఘనీ కూడా కొంచెం నవ్వాడు.

ఆ తర్వాత చప్పుడు.

కారు ముందు ఎడమ వైపు కూలబడింది. దిగి చూస్తే టైరు చీలిపోయింది, రిమ్ము రొట్టె అంచులా వంగింది. కట్టె కింద మూరెడు గుంత, దాన్నిండా పొట్టు. పక్క చేన్లోంచి చాట పట్టుకుని ఒకావిడ వచ్చింది. భూమక్క అట, పంట ఆవిడదే. నేను కోపంగా గుంత మీద పంటెందుకు పరిచావని అడిగాను.

"గుంతల గింజలు వడుతయని నేనే పొట్టు నింపిన బిడ్డా," అంది. "పొద్దుగాలటి సంది ఇరవై లారీలు వోయినయి. నీదొక్కటే కూసున్నది."

నా టైరు వైపు చూసి జాలిపడింది. ఎండకి ఇంకిపోయిందా అని కూడా అడిగింది. ఆ ఏడాది చదునైన చోటంతా వేరేవాళ్లు ముందే పరిచేశారట, ఆవిడకి మిగిలింది గుంతల రోడ్డే.

స్టెప్నీ వేస్తే అయిపోదా అంటారు మీరు. పాత చక్రం ఎత్తులో మూడు మిల్లీమీటర్లే తేడా అని నేనే చెప్పాను కదా, చక్కగా సరిపోతుంది. కానీ అది ఇంట్లో మంచం కింద ఉంది. దాని చోట్లో డిక్కీలో స్పీకర్ల డబ్బా బిగించాను.

రెండూ నలభై. కామారెడ్డి ఇంకా ఇరవై కిలోమీటర్లు. ఘనీ సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! రహీమా మాత్రం నా దగ్గరికొచ్చి, మెల్లగా, "బేటా, నువ్వు మంచోనివే. బస్సుల పోనిస్తే అయిపోతుండె" అంది.

అప్పుడే వెనక, ఎల్లారెడ్డిలో రెండింటికి బయల్దేరిన బస్సు కనిపించింది. టాపు మీద కూడా జనం. ఆగేలా లేదు. భూమక్కకి విషయం నేను నాలుగు ముక్కల్లో చెప్పానో లేదో, ఆవిడ చాట అడ్డం పెట్టి రోడ్డు మధ్యలో నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు.

"దుబాయికి వోతుండు పోరడు," అంది డ్రైవరుతో. "ఎక్కించుకుంటవా, నీ బస్సు కింద కూసొని నా కందులు ఏరుకోమంటవా?"

ఎక్కించుకున్నాడు. ఘనీ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు, రహీమాని లోపలికి లాగారు, పచ్చడి సీసా కిటికీలోంచి పోయింది. బస్సు ఆ గుంత మీంచే వెళ్లింది. దానికేమీ కాలేదు.

నేను మిగిలాను. నా కారు కింద పడిన గింజలు ఏరమని భూమక్క నాకు చాట ఇచ్చింది. సాయంత్రందాకా ఏరాను. చీకటి పడబోతుంటే రహీమా తిరుగు బస్సులో పోతూ కిటికీలోంచి నన్ను చూసింది, బస్సు మాత్రం ఆగలేదు. ఊరు చేరాక ఆవిడ చెప్పింది, ఆ బస్సు ప్రతి ఊళ్లో ఆగుతూ పోవడంతో ఘనీ బొంబాయి బస్సు కదులుతుంటే ఎక్కాడట. కానీ ఏజెంటు, పాస్‌పోర్టు, విమానం, వాటి సంగతి ఎవరికీ తెలియదు. మూడు వారాలు నేను వాళ్ల ఇంటి ముందు నుంచి పోకుండా వెనక సందులోంచి తిరిగాను.

ఇరవై మూడో రోజున ఉత్తరం వచ్చింది. తల్లికి కాదు, నాకు! చేరాడు. ఏజెంటు చెప్పిన హెల్పర్ పని రోడ్డు పనట. వేడి తారు పరిచి, రోలరు వెనకాల నడిచి, చదును చూడటం. అతని గ్యాంగులో ఇద్దరు దోమకొండవాళ్లు, ముగ్గురు నస్రుల్లాబాద్‌వాళ్లు, మేస్త్రీది మహమ్మద్‌నగర్ అట. రూపాయి నాణెం నిలబెట్టినా పడనంత చదునుగా రాకపోతే మళ్లీ తవ్విస్తారట. చివర్లో రాశాడు: "నీ టైర్లు పారెయ్యకు. ఈడికి తోలు. మేమేసిన రోడ్డు మీద మంచిగ నడుస్తయి."

కనుక పాఠకులారా, నా టైర్లని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. వాటికి సరిపోయే రోడ్డు ప్రపంచంలో ఉంది. దాన్ని వేస్తున్నది కూడా మా ఎల్లారెడ్డి చుట్టుపక్కలవాళ్లే. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

కాకపోతే ఆ రోడ్డు వేయడానికి పోవాలంటే, వాళ్లు ముందు ఈ రోడ్డు దాటాలి.