మొహం చూపిస్తే చాలు

ఒక పెద్ద అడవిలో అర్జీలు ఎక్కువై, వాటిని చదివే ఓపిక తక్కువైంది. దాంతో అర్జీల ఆఫీసరు నక్క పరాంకుశం గారు ఓ మిషన్ పెట్టించారు.

"ఇకమీదట ఎవరూ నోరు నొప్పి పుట్టేలా చెప్పుకోనక్కర్లేదు. మొహం చూపిస్తే చాలు, మనసులో ఏముందో అదే కనిపెడుతుంది," అని ప్రకటించారు.

మొహాలు చదవడం దానికి నేర్పిందీ ఆయనే. తనకు ప్రమోషన్ వచ్చిన రోజున పళ్ళన్నీ బయటపెట్టుకుని దాని ముందు కూర్చున్నారు. పళ్ళు కనబడితే సంతోషం, లేకపోతే దుఃఖం అని అది నేర్చుకుంది. పాపం, అంతకుమించి దానికెవరూ చెప్పలేదు.

మొదటిరోజే కోతి మాణిక్యం పరుగెత్తుకొచ్చింది. దాని చెట్టుతొర్రలో కొండచిలువ దూరింది. పై కొమ్మమీద ఇద్దరు పసిపిల్లలున్నారు. కోతులకు భయం వేస్తే పళ్ళు బయటపడతాయి. మాణిక్యానికి అన్నీ బయటే ఉన్నాయి.

"సంతోషం, తొంభై ఎనిమిది శాతం. ఫిర్యాదు పరిష్కారమైనది," అంది మిషన్.

"సంతోషమేంటి నీ మొహం! నా పిల్లల్ని మింగేస్తుంది!" మాణిక్యానికి భయం ఇంకా పెరిగింది. చిగుళ్ళు కూడా బయటపడ్డాయి.

"తొంభై తొమ్మిది."

మాణిక్యం పరాంకుశం గారి కాళ్ళమీద పడింది. "అయ్యా, మీరైనా వినండి!"

"చూడమ్మా, నీ మాటలో పొరపాటుండొచ్చు, మిషన్‌లో ఉండదు. నవ్వుతూ వెళ్ళిరా."

మాణిక్యానికి ఒళ్ళు మండింది. ఒక్క పరుగున చెట్టుదగ్గరికి వెళ్ళి, దూరంగా నిలబడి కేకేసింది. "కొండచిలువన్నా! ఆఫీసులో మొహం చూపిస్తే చాలట, కావలసింది నోటికందిస్తున్నారు!"

కొండచిలువ ఆకలిమీదుంది. వెంటనే బయల్దేరింది. ఆఫీసులో అడుగడుగునా వెతకనక్కర్లేకుండా ఎదురుగా కుర్చీలో పరాంకుశం గారే కనిపించారు. చుట్టేసింది. ఊపిరాడక ఆయన పళ్ళన్నీ బయటికొచ్చాయి.

"సంతోషం, నూరు శాతం!"

"కాపాడరా!" అని మూలిగారాయన.

బంట్రోతు ఎలుగుబంటి మిషన్ వంక చూశాడు. "తమరు ఆనందంలో ఉన్నారండీ. మధ్యలో నేనెందుకు?" అని చప్పట్లు కొట్టాడు.

పరాంకుశం గారు పూర్తిగా లోపలికి వెళ్ళిపోయాక, ఖాళీ అయిన కుర్చీలో కొండచిలువ చుట్ట చుట్టుకుంది. కుర్చీలో ఉన్నదే ఆఫీసరు కాబట్టి బంట్రోతు దానికి నమస్కారం పెట్టాడు.

వెనకాలే వచ్చి గుమ్మం దగ్గరనుంచి ఇదంతా చూసిన మాణిక్యానికి ప్రాణం లేచొచ్చింది. పిల్లలు దక్కారు. ఆ రోజు మొదటిసారిగా హాయిగా నోరు మూసుకుంది.

మిషన్ దానివైపు తిరిగింది.

"దుఃఖం, నూరు శాతం. అర్జీ స్వీకరించడమైనది. విచారణకు కొత్త ఆఫీసరు గారు స్వయంగా మీ ఇంటికి వస్తారు."

నీతి: కష్టం వచ్చినప్పుడు ఎలా ఏడ్చినా ఫరవాలేదు, అది తీరాక మాత్రం పళ్ళికిలించడం మరిచిపోకూడదు.