లేచి నిలబడిన పాపానికి

శనివారం పొద్దున సుందర్ రాజ్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. అమెరికాలో తాముండే బెంటన్‌విల్‌లో ఊరి ప్లానింగ్ మీటింగ్‌కి వెళ్లడం, తమ తెలుగు చర్చి ముందున్న రోడ్డుకి జీబ్రా గీతలు, కార్లను ఆపే లైటు కావాలని అడగడం, వచ్చే దారిలో ఆదివారం విందుకి చికెన్ కొనుక్కుని ఇల్లు చేరడం. అంతే.

ఆ రోడ్డు సంగతి నవ్వులాట కాదు. అపార్ట్‌మెంట్లు ఇటు, చర్చి అటు. కారు నడపడం రాని పెద్దవాళ్లంతా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, నాలుగు వరసల ట్రాఫిక్‌ మధ్య నుంచి పరుగు తీయాలి. కిందటి నెల ఒక పికప్ ట్రక్కు సుందర్ రాజ్ అత్తగారు కరుణమ్మకి జానెడు దూరంలో ఆగింది. అప్పటి నుంచి ఆవిడ పైకి ధైర్యంగానే ఉన్నా, రోడ్డు దాటేటప్పుడు అల్లుడి చొక్కా వదలడం లేదు. అందుకే తానూ బయల్దేరింది.

"నేనేమీ మాట్లాడను బాబూ. నన్ను చూస్తేనన్నా వాళ్లకి జాలేస్తుంది" అంది కార్లో కూర్చుంటూ.

మీటింగ్ హాల్లో అడుగు పెట్టగానే సుందర్ రాజ్ నోరు వెళ్లబెట్టాడు. ఫైర్ ఆఫీసరు, రోడ్ల ఇంజనీరు, స్కూలు టీచర్లు, బేకరీ యజమాని, అందరూ ఒకే రకం మడత కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నారు. వేదిక లేదు, శాలువా లేదు, ముఖ్య అతిథి లేడు. గోడల నిండా పెద్ద పెద్ద కాగితాలు. ఒక్కో కాగితం మీద ఊరికి కావలసిన ఒక్కో పని. దాని కింద బాధ్యత ఎవరిది, సాయం ఎవరిది, ఎప్పటికి పూర్తి అని ఖాళీలు.

తమ తెలుగు చర్చి కమిటీలో ఈస్టర్ ఏర్పాట్ల మీటింగ్ అంటే టీ తాగి, అందరూ "చేసేద్దాం, చేసేద్దాం" అనుకుని లేవడమే. ఎవరు చేస్తారన్నది ఈస్టర్ పొద్దున కుర్చీలు లేవని తెలిశాక బయటపడుతుంది. ఆ కుర్చీలు మోసేది ఎప్పుడూ సుందర్ రాజే. ఊరంత ఊరి పనిని ఇలా పేరు పెట్టి పంచుకోవచ్చని అతనికి ఊహలో కూడా తట్టలేదు. గుడ్లప్పగించి గోడలు చూస్తూ, మొదట్లో చెప్పిన నియమాలు ఒక్కటీ చెవిన పెట్టలేదు.

మీటింగ్ నడిపేది మిస్ లోరెట్టా. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఎనభై దాటిన మనిషి, చేతిలో కర్ర. ఒక్కో కాగితం దగ్గరికీ మెల్లగా నడిచి, పని పేరు చదివి, జనం వైపు తిరిగి చూస్తోంది. ఆవిడ తమ వరస ముందు ఆగగానే కరుణమ్మ అల్లుడిని మోచేత్తో తట్టింది.

"లేవండి బాబూ! అంత పెద్దావిడ నిలబడి ఉంటే మనం కూర్చోవడం ఏం మర్యాద? నా మోకాళ్లు సహకరిస్తే నేనూ లేచేదాన్నే."

సుందర్ రాజ్ నరసాపురంలో పెరిగినవాడు. పెద్దవాళ్లు ఎదురుగా నిలబడితే అతని కాళ్లు వాటంతటవే లేస్తాయి. లేచాడు. హాలంతా చప్పట్లు.

"థాంక్యూ సర్! మీ పేరు?" అని ఇంగ్లీషులో అడిగింది మిస్ లోరెట్టా. చెప్పాడు. ఆవిడ కాగితం మీద రాసుకుంది. లేచి నిలబడినందుకే ఇంత గౌరవమా అని అతని గుండె నిండిపోయింది.

ఆవిడ అటు తిరగ్గానే కూర్చున్నాడు. ఇటు తిరగ్గానే లేచాడు. మళ్లీ చప్పట్లు. మూడోసారి లేచినప్పుడు ఎవరో ఈల కూడా వేశారు.

"మర్యాద తెలిసిన జనం బాబూ" అని మురిసిపోయింది కరుణమ్మ.

అప్పుడు పక్క కుర్చీలోని రోడ్ల ఇంజనీరు అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "వచ్చిన మొదటి రోజే మూడు పనులు నెత్తినేసుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు!"

"పనులా? ఏం పనులు?"

"ఇక్కడ లేచి నిలబడితే ఆ పని నాది అని ఒప్పుకున్నట్టు కదా!"

సుందర్ రాజ్ గోడకేసి చూశాడు. వాన కాలవల పూడిక తీత, అతని పేరు. కుక్కల పార్కుకి కంచె, అతని పేరు. చెరువు గట్టు మీద బాతుల రెట్ట, దానికీ అతని పేరే. "ప్రభువా!" అన్నాడు పైకే.

సరిగ్గా అప్పుడే మిస్ లోరెట్టా కిటికీ పక్క కాగితం చదివింది. తెలుగు చర్చి ముందు రోడ్డు, జీబ్రా గీతలు, లైటు. సుందర్ రాజ్ కుర్చీ తన్నేసి మరీ లేచాడు.

"సారీ మిస్టర్ రాజ్. ఒక మనిషికి మూడు పనులకు మించి ఇవ్వం. నాలుగోది ఎత్తుకుంటే ముందువి కూడా చెడతాయి."

"అయితే ఆ బాతుల్ని వెనక్కి తీసుకోండి మేడమ్! నేను వచ్చిందే ఈ రోడ్డు కోసం!"

"ఒప్పుకున్నది వెనక్కి ఇవ్వడం లేదిక్కడ" అందావిడ దయగానే. "ఇంకెవరైనా ఉన్నారా? బాధ్యుడు లేని పనిని ఈ ఏడాది ప్లాన్‌లోంచి తీసేయాలి."

ఎవరూ కదల్లేదు. అందరి చేతుల్లోనూ అప్పటికే పనులున్నాయి. సుందర్ రాజ్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఇంకో ఏడాది పాటు అత్తగారు ఆ ట్రక్కుల ముందు పరుగెత్తాలి. అది కూడా తన అతి మర్యాద వల్ల.

కాగితం తీసేయడానికి మిస్ లోరెట్టా చెయ్యెత్తింది. అంతసేపు నిలబడిన కాళ్లేమో, కాస్త తూలింది. అది చూసి కరుణమ్మ మోకాళ్ల సంగతే మరిచిపోయి లేచి చెయ్యి చాచింది. "అయ్యో, రామ్మా! వచ్చి నా కుర్చీలో కూర్చో!"

చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. మిస్ లోరెట్టా పేరు అడిగితే సుందర్ రాజ్ చెప్పాడు.

"కుర్చీ ఇస్తానన్నందుకు కూడానా?" అంది కరుణమ్మ బిత్తరపోయి.

"అత్తయ్యగారూ, ఆ రోడ్డు పని ఇప్పుడు మీది. దానికి పెద్ద మీరే."

"నేనా? ఇంగ్లీషు రాదు, కారు రాదు..." అంటూ గోడకేసి చూసింది. తన పేరు అప్పటికే ఎక్కేసింది. ఆవిడ కాసేపు ఆ అక్షరాలనే చూసింది. తర్వాత మిస్ లోరెట్టాని తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను అల్లుడి కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, "సరే, ఆ రోడ్ల పని తెలిసినవాళ్లని ఇలా రమ్మనండి" అంది.

వచ్చారు! సుందర్ రాజ్ కళ్లారా చూసి కూడా నమ్మలేకపోయిన సంగతి అదే. ఇంజనీరు మ్యాప్ తెచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఫైర్ ఆఫీసరు మ్యాప్ రెండో కొస పట్టుకున్నాడు. గీతలు మలుపు దగ్గర వద్దు, కాస్త ఇవతలికి కావాలంది కరుణమ్మ. అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఇంజనీరు పెన్సిలు గీత చెరిపి ఇవతలికి గీశాడు.

"ఎప్పటికవుతుందో అడగండి బాబూ."

"మీ పని కదా మేడమ్, మీరే చెప్పాలి" అన్నాడు ఇంజనీరు.

ఆవిడ ఆలోచించి, "క్రిస్మస్ ఆరాధనకి నడిచి వెళ్లాలి" అంది. ఇంజనీరు అదే రాసుకున్నాడు. ఒక ఆఫీసరు తన అత్తగారి మాట అలా రాసుకుంటుంటే సుందర్ రాజ్‌కి కళ్లు చెమర్చాయి.

"మరి సాయం ఎవరు?" అంది మిస్ లోరెట్టా కరుణమ్మ కుర్చీలో సేదదీరుతూ. "సాయం ఎన్ని పనులకైనా చేయవచ్చు. సాయం చేసేవారు మాత్రం బాధ్యులకి జవాబు చెప్పుకోవాలి."

కరుణమ్మ ఇంజనీరుని చూపించింది. తర్వాత అల్లుడిని చూపించింది. ఇంజనీరు నెలకోసారి జవాబు చెప్పుకుంటే సరిపోతుంది. సుందర్ రాజ్ మాత్రం రోజూ భోజనాల దగ్గర చెప్పుకుంటున్నాడు.