సుందరమ్మను తెచ్చిన కారు

ఆ రోజు సుందరమ్మ రిటైరయ్యే రోజు. ఇన్నేళ్లూ సంతోష్‌నగర్ నుంచి కార్వాన్‌లోని సర్కారు ఆఫీసుకు బస్సులో వేలాడుతూ వెళ్లిన మనిషి, పొద్దున గడప దాటుతూ మొగుడికి ఒకే మాట చెప్పింది. "సాయంత్రం కారు తీస్కరా. ఇయ్యాల నేను బస్సెక్క."

అంజన్న చాయ్ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని కలలోకి జారిపోయాడు. పాత కారు మబ్బులా మెల్లగా సాగుతోంది. అద్దం సగం దించి ఉంది. పక్కన సుందరమ్మ, కొత్త చీర, మల్లెల వాసన. కారు చప్పుడే చెయ్యడం లేదు. చాయ్ ఎప్పుడు చల్లారిపోయిందో ఆయనకు తెలియనేలేదు.

సాయంత్రం కారుకు బంతిపూల దండ వేసి తాళం తిప్పాడు. వైపర్లు ఊగాయి. బ్రేకు తొక్కితే హారన్ మోగింది. ఇండికేటర్ వేస్తే లైట్లన్నీ కన్నుకొట్టడం మొదలుపెట్టాయి.

దిష్టి తగిలిందని అంజన్న తీర్మానించాడు. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి బండికి కట్టడం ఆయన ఎన్నడూ మరవడు. బంపరుకు కడితే గల్లీ మేకలు తినిపోతున్నాయని ఈమధ్య లోపల, స్టీరింగు కింద కడుతున్నాడు. ఇప్పుడు పాతదాని పక్కనే ఇంకో పెద్ద నిమ్మకాయ గుచ్చి కట్టాడు. కాసేపటికి హారన్ ఆగకుండా మోగసాగింది.

ఆ లొల్లికి, బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే పక్కింటి డానియేలు టెస్టరుతో పరుగెత్తుకొచ్చాడు.

"వైర్లు మంచిగనే ఉన్నయన్నా. లోపల ఓ బోర్డు ఉంటది, దాని మీదున్న చిప్పే బండికి దిమాగ్. గది ఖరాబైనట్టుంది."

"అయ్యో! ఆమె గేటు కాడ నిలబడ్తది డానియేలూ!"

"ఫికర్ చెయ్యకు. హారన్ వైరు పీకుత."

పీకాడు. ఇంజనే ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. ఇంజనుతో పాటు హారనూ లేచింది.

"టైమైతున్నది, గిట్లనే పోదాం," అన్నాడు అంజన్న ఏడుపు గొంతుతో. "నువ్వు పక్కన కూసొని చూస్కుంట రా."

పురానాపూల్ దగ్గర ఓ బ్యాండుమేళం పెళ్లికొడుకు కోసం ఎదురుచూస్తోంది. పూలదండతో, లైట్లతో, మోతతో వస్తున్న కారు కనబడగానే "ఆగయా! ఆగయా!" అంటూ, పెళ్లికొడుకు వచ్చేశాడనుకుని మేళమంతా దాని ముందు నడవడం మొదలుపెట్టింది.

"దూల్హా కహా హై భాయ్?" అంటూ ఒకడు పెళ్లికొడుకు కోసం లోపలికి తొంగిచూశాడు. ఆ మోతలో ఏం చెప్పినా వినపడదని డానియేలు వేలితో అంజన్నను చూపించాడు. వాడు ఆ తెల్లమీసాలు కాసేపు చూసి, "ముబారక్ చాచా," అని బూర ఎత్తాడు.

 ఆఫీసు ముందర సుందరమ్మ ఇజ్జత్ తీసినట్టే అనుకున్నాడు అంజన్న. వెనక్కి తిప్పుదామంటే జాగా లేదు.

గేటు దగ్గర సుందరమ్మ శాలువా కప్పుకుని, పండ్ల బుట్టతో నిలబడి ఉంది. అంజన్న బండి ఆపడంతో మేళం సరిగ్గా ఆమె ముందే ఆగింది. ఆఫీసు మొత్తం బయటికొచ్చింది. సుందరమ్మ కళ్లు తడిశాయి.

"నా కోసమేనా గిదంత? ఎన్నేండ్లు వచ్చి పోయిన్నో, ఎవ్వరికి ఎరుకలే. ఇయ్యాల కార్వానంత చూసిందయ్యా!"

అంజన్న నిజం చెప్పకుండా ఆమె చేతిలోని పండ్ల బుట్ట అందుకున్నాడు. ఇంతలో డానియేలు స్టీరింగు కింద బోర్డున్న పెట్టె మూత ఊడదీశాడు.

"అన్నా! నీ నిమ్మకాయ రసమంత బోర్డు మీదనే కారుతున్నది!"

కాయలు రెండూ తెంపి, బోర్డును జేబురుమాలుతో తుడిచి, ఊది ఊది ఆరబెట్టి బిగించాడు. వైపర్లు నిలిచాయి. హారన్ నోరు మూసుకుంది. డానియేలు వెనక సీటుకు మారి, సుందరమ్మ పక్కన ఎక్కాక కారు మబ్బులా కదిలింది. సగం దించిన అద్దం, మల్లెల వాసన, అచ్చం పొద్దుటి కలే.

రెండు గల్లీలు దాటేసరికి సుందరమ్మ మొహం చిన్నబోయింది.

"ఏందయ్యా, మన గల్లీలకు గిట్ల సప్పుడు లేకుంట పోతమా?"

అంజన్న బండి పక్కకు ఆపి, డానియేలు చేతిలోని నిమ్మకాయలు తీసుకుని, ఎక్కడివి అక్కడే కట్టాడు.